తడవని దండెం

నా చిన్నప్పుడు మా మొఘల్‌పురా గల్లీలో చలికాలం పొద్దున తెల్లగా ఏది కమ్ముకున్నా దాని పేరు మంచే. మంచు పడితే తలుపులు మూయాలి, కుంపటి రాజెయ్యాలి. అది మా నాయనమ్మ చట్టం, దానికి అప్పీలు లేదు.

ఒక పొద్దున అమ్మానాన్నలు పనికి వెళ్ళాక మా తమ్ముడికి దమ్ము, అంటే ఆయాసం, మొదలైంది. వాడికి అప్పుడు నాలుగేళ్ళు. అంతకుముందూ వచ్చేది గానీ, ఆ రోజు వాడి డొక్కలు లోపలికి లాక్కుపోతున్నాయి. నాయనమ్మ ఇంటికున్న ఒక్క కిటికీ మూసి, కుంపటిని వాడి దగ్గరికి జరిపింది. ప్రేమతోనే జరిపింది. వాడికి ఇంకా ఎక్కువైంది. నేను పరుగెత్తి, మేం పిన్ని వరసలో ఖాలా అని పిలిచే పక్కింటామెను పిలుచుకొచ్చాను.

ఖాలా వాకిట్లోనే ఆగి, బట్టలారేసే దండేన్ని చేత్తో తడిమి చూసింది. పిల్లవాడికి ఊపిరాడకపోతే ఈమె తాడు తడుముతుందేమిటని నాకు ఒళ్ళు మండింది.

"గిది మంచు కాదమ్మా. మంచైతే తాడు తడుస్తది. గల్లీల పొయ్యిల పొగ ఇది, పైకి పోతలేదు" అంది.

"బయట చలిగాలి తగుల్తది బిడ్డా" అని నాయనమ్మ అడ్డం వచ్చింది.

"నువ్వు ఫికర్ చెయ్యకు" అంటూ ఖాలా తమ్ముణ్ణి తన శాలువాలో చుట్టి, వాళ్ళ మూడంతస్తుల ఇంటి మెట్లెక్కింది. మేమిద్దరం వెనకే వెళ్ళాం.

పైన ఎండ ఉంది. కింద కంటే వెచ్చగా కూడా ఉంది. పొగంతా పిట్టగోడ కిందే బల్లపరుపుగా ఆగిపోయింది. ఖాలా వాడి వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి పిల్లికూతలు తగ్గాయి. "ఆకలైతుంది" అన్నాడు. నాయనమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నాకేమో ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నాన్న వచ్చాక వాణ్ణి దవాఖానాకు తీసుకెళ్ళాడు.

ఈమధ్య మా మనవరాలు చెప్పింది. చలికాలం రాత్రి నేల చల్లారి, దాన్ని అంటుకున్న గాలి చల్లబడుతుందట. పైన వెచ్చటి గాలి మూతలా నిలిచి, పొగను లేవనివ్వదట. ఖాలాకు అదంతా తెలుసో లేదో నాకు తెలియదు. పేరు పెట్టేముందు ముట్టుకుని చూడాలని మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

తమ్ముడు ఇప్పుడు తాతయ్యాడు. ఫోన్ చేస్తే ఇంట్లో లొల్లి అంతా ఏకరువు పెడతాడు. నేను ముందు వాడి ఊపిరి వింటాను. అది తేలిగ్గా ఆడుతుంటే, ఆ తర్వాత వాడేం చెప్పినా నాకు మంచి కబురే.