ఉడత పట్టు

దసమంతపూర్ ఆసుపత్రిలో ఒక నర్సమ్మ పుట్టిన ప్రతి బిడ్డ అరచేతిలోనూ తన చిటికెనవేలు పెట్టి చూసేది. బిడ్డ బిగించి పట్టుకుంటే ఉడత, లేకపోతే తేనెపిట్ట. టీకాలకు బడిపిల్లలను తీసుకెళ్లినప్పుడు నాకూ చెప్పేది.

"రెండూ గుప్పెడే మాస్టారూ. ఉడతపిల్ల కిందపడినా దొరికిందాన్ని పట్టుకుని ఏలాడతాది. పిట్టకి గొంతే గాని పట్టు లేదు. సేతిలోకి తీస్తే బెదిరిపోయి పేణం ఒగ్గేస్తాది."

అప్పుడు నాకు నవ్వొచ్చేది.

నా కూతురు నెలలు నిండకుండా పుట్టింది. వెంటనే కోరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. నా భార్య లేచే స్థితిలో లేదు. నర్సమ్మ నా చొక్కా విప్పించి, ఒంటి వెచ్చదనం తగలాలని పాపను నా గుండెకు ఆనించి పాత చీరతో కట్టింది. అంబులెన్సులో నా పక్కనే కూర్చుంది.

దారిలో పాప ఏడుపు సన్నబడిపోయింది. దాని అరచేతిలో నా వేలు పెట్టాను. ముడవలేదు. మళ్లీ పెట్టాను.

"సిస్టరమ్మా, పట్టుకోడం లేదు."

ఆమె ఆ వేళ్లను ఒక్కొక్కటే నా వేలి చుట్టూ మడిచి, పైన తన చెయ్యి మూసింది. "సూడండి, పట్టింది. ఉడతే."

కోరాపుట్ వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. "ఒదలకమ్మీ, ఒదలకు" అని నేను పాపకు చెబుతూనే ఉన్నాను.

అక్కడ డాక్టరు తియ్యమంటే నర్సమ్మ చెయ్యి తీసింది. చల్లబడిన పాప వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి.

"ఉడతే మాస్టారూ," అంది ఆమె, నా ముఖం చూడకుండా.