బియ్యం కాంటా ఎక్కిన అత్తమ్మ

మా అత్తమ్మ బరువు చూసుకునేది దవాఖానలో కాదు, మా బియ్యం దుకాణంలో, బస్తాలు తూచే కాంటా మీద. సోమవారం పొద్దున షట్టర్ ఎత్తగానే చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి ఎక్కి నిలబడుతుంది. హమాలీలు చూస్తున్నా, ఎదురు దుకాణం వాళ్లు చూస్తున్నా వచ్చిన అంకెను తనే గట్టిగా చదువుతుంది. నేనైతే నా బరువు ఇంటాయనకు కూడా చెప్పను.

వరంగల్ బజారులో ముప్పై ఏళ్లకు పైగా గల్లా దగ్గర కూర్చున్న మనిషి ఆమె. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, మా ఇంట్లో కూర్చుని తిని ఆడవాళ్లమే కొండలమయ్యాం. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది పారేస్తే పాపమని ఊడ్చి తినేది మేమే. బీపీ, షుగర్ గోళీలు మా వంటింట్లో పోపుల డబ్బా పక్కనే ఉంటాయి.

పోయినేడు అత్తమ్మ మోకాళ్లు మొరాయించాయి. హన్మకొండలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఉన్నమాట చెప్పింది. ఆపరేషన్ చేయాలి, కానీ పది కిలోలు తగ్గి, షుగర్ అదుపులోకి వచ్చాకే. లేదంటే మెల్లగా మంచానికే పరిమితమవుతారని కూడా అంది. ఆటోలో తిరిగి వస్తూ అత్తమ్మ పది కిలోలు ఎలా తగ్గాలా అని వేళ్ల మీద లెక్కలు వేసుకుంది.

మర్నాటికి ఉపాయం తేల్చింది. "శనివారం ఒక్కపొద్దు ఉండనే ఉన్నది. సోమవారం, గురువారం గూడ పడుతా. తిండి తగ్గుతది, పుణ్యం గూడ వస్తది."

అందరం మెచ్చుకున్నాం. మా ఇంట్లో ఒక్కపొద్దంటే ఒక పూటే అన్నం, రెండో పూట టిఫిన్. ఆ టిఫిన్ పేరుతో నేను నెయ్యి వేసి ఉప్మా చేశాను, పూరీలు వేయించాను. పాపం, ఉపవాసం ఉందని ఇంకో రెండు వడ్డించాను. నెల తిరిగేసరికి కాంటా మీద రెండు కిలోలు పెరిగింది.

"కాంటా తప్పు జూపెడుతాందేమో అమ్మా" అన్నాడు ఓ హమాలీ జాలిగా.

"నా కాంటా ఎన్నడన్న తప్పు జూపెట్టిందా? దేవునికి ఒక్కపొద్దు, నా కడుపుకు మూడు పొద్దులు. తప్పు నాదే" అని అత్తమ్మ అందరికంటే ముందు తనే నవ్వింది.

ఆమెలో నాకు నచ్చేది అదే. నేనైతే ఆ రోజే కాంటా మీద గోనెసంచి కప్పేసి ఊరుకునేదాన్ని. ఆమె శనివారం ఒక్కటే ఉంచుకుంది. పూరీలు బంద్ చేయించి రాత్రికి ఒక జొన్నరొట్టెకు దిగింది. ఇంట్లో వండే బియ్యం తనే కొలిచి ఇచ్చేది. "పారేసుడు పాపమైతె తక్కువ వండుడు పుణ్యమే గదా" అనేది. డాక్టరమ్మ చెప్పిన కసరత్తు కోసం ఎత్తు కుర్చీ తెప్పించుకుని, చీలమండకు అరకిలో బియ్యం సంచి కట్టుకుని, బేరమాడుతూనే కాలు ఎత్తేది, దించేది. నర్సంపేట నుంచి వచ్చిన గిరాకీలు ధర మరచి ఆ కాలు వైపే చూసేవాళ్లు.

కేసముద్రంలో చుట్టాల పెళ్లికి పోతే ఆమె ఒక్క బూరె కూడా ముట్టలేదు. నాకు కోపమొచ్చింది. "ఒక్కనాటికి ఏమైతది అత్తమ్మా, జర తినరాదు?" అన్నాను.

ఆమె విస్తరి మడిచి మెల్లగా చెప్పింది. "మా అత్త మంచాన పడ్డంక మూడేండ్లు నేనే ఎత్తిన, నేనే కడిగిన. నా నడుము అప్పుడే పోయింది. గా పని నీతోని చేయించుకోను బిడ్డా."

ఇన్నాళ్లూ ఆమె తన మోకాళ్ల కోసమే ఇదంతా చేస్తోందనుకున్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా విస్తట్లో మూడో బూరె అలాగే ఉండిపోయింది.

మొన్న సోమవారానికి పది కిలోలూ తగ్గాయి. షుగర్ కూడా దారికొచ్చింది. వచ్చే వారమే ఆపరేషన్. హమాలీలు చప్పట్లు కొట్టారు. అత్తమ్మ నా భుజం పట్టుకుని కాంటా దిగింది, కానీ భుజం వదల్లేదు.

"ఇగ నువ్వెక్కు."

"ఇంతమందిలో నేనెందుకు అత్తమ్మా?"

ఆమె, బడి సంచీతో దుకాణం ముందు నిలబడ్డ నా కొడుకు వైపు చూసింది. "నన్ను ఎత్తే పని నీకు తప్పించిన. నిన్ను ఎత్తే పని రేపు వచ్చే నీ కోడలికి తప్పించవా?"

చెప్పులు విడిచి కాంటా ఎక్కాను. అంకెను నేనే చదివాను, అందరికీ వినపడేలా.