ఇరవై క్యాసెట్ల జమాల్

నరసరావుపేటలో పంపు స్టవ్వులు బాగుచేసే రసూల్ కొడుకు జమాల్‌కి రెండు పేర్లు. ఇంట్లో వాళ్ళు పెట్టింది జమాల్. అతను కీబోర్డు వాయించే ఆర్కెస్ట్రా ఓనరు నరసింహారావు పెట్టింది గోపి. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల ముందు కచేరీలు ఒప్పుకునే పెద్దమనిషి ఆయన.

"మైకులో గోపీ అంటే బాగుంటది. నీకేంది నొప్పి?" అన్నాడు.

నొప్పే మరి! కానీ కచేరీ ఉంటేనే కూలి దొరికే వాడు ఆ మాట పైకి అనగలడా? అనలేదు. ఇంటికొస్తే పక్కింటి చాంద్ బీ గుమ్మంలోంచే, "గోపీ గారు వేంచేశారు" అని ఎకసెక్కం. కచేరీలో జమాల్ కాడు, ఇంటి దగ్గరా పూర్తిగా జమాల్ కాడు. పైగా కీబోర్డు మీద సినిమా పాట ఉన్నది ఉన్నట్టు వాయించాలి. సొంతంగా ఒక్క స్వరం కలిపితే నరసింహారావు కళ్ళెర్రజేసేవాడు.

ఎనభై ఆరు ఎండాకాలంలో జమాల్ మొండికెత్తాడు. గదికి దుప్పట్లు కట్టి, రెండు టేప్ రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, కీబోర్డులోని డప్పు మీటకు తన సన్నటి గొంతు కలిపి ఆరు పాటలు చేశాడు. అన్నీ తన గోడే. ఒక పాటలో, "నన్ను పిలిచేవాడా, ఎవర్ని పిలుస్తున్నావు?" అని అడిగాడు. ఇరవై క్యాసెట్లకు ఎక్కించి, ఒక్కోదాని మీద నీలం సిరాతో 'జమాల్' అని రాశాడు. ఆ పేరుతో తనను నలుగురు వింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

క్యాసెట్టు వెనక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది విరిచేస్తే ఇక దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. జమాల్ విరవలేదు. పాటలు నచ్చని వాళ్ళకు క్యాసెట్టన్నా పనికొస్తుందిలే అనుకున్నాడు. పిచ్చివాడు, తన మీద తనకే అంత నమ్మకం! మద్రాసు నుంచి టోకున చవగ్గా తెప్పించినవి, లాభం చూసుకోకుండా పడిన ధరకే మక్బూల్ రికార్డింగ్ షాపులో అమ్మకానికి పెట్టాడు.

వారంలో ఇరవైకి ఇరవై అమ్ముడుపోయాయి. ఆ వారమంతా జమాల్ నేల మీద నడవలేదు.

ఆ మరుసటి వారం గురజాలలో పెళ్ళి కచేరీ ముగించుకుని వ్యానులో వస్తున్నారు. డ్రైవరు రామయ్య టేపులో పెడుతున్న క్యాసెట్టు మీద నీలం అక్షరాలు కనిపించాయి. జమాల్ ముందు సీటు వైపు జరిగాడు. చెవులు రిక్కించాడు.

సినిమా పాట వచ్చింది. తర్వాత ఇంకోటి. సగం దారి దాకా అవే. ఆఖరి పాట అయిపోయాక, టేపు చివర చెరగకుండా మిగిలిన కాస్త జాగాలో సన్నటి గొంతు వినిపించింది: "...ఎవర్ని పిలుస్తున్నావు?"

"ఎవడ్రా ఆ ఏడుపు?" అన్నాడు నరసింహారావు. వ్యానంతా నవ్వింది.

"ఏమోనండీ, తెలీదు" అన్నాడు జమాల్.

అన్నాక తెలిసింది తానేం అన్నాడో. నరసింహారావు పేరు మార్చాడు, అంతే. తనను తానే కాదన్నది మాత్రం తను.

పేటలో దిగి నేరుగా మక్బూల్ షాపుకెళ్ళాడు.

"నీది కొత్త ఖాళీ క్యాసెట్టు కన్నా చవగ్గా పడింది భాయ్. అందరూ కొని, ఇక్కడే సినిమా పాటలు ఎక్కించుకున్నారు. నీతో ఎట్టా చెప్పాలో తెలీక ఊరుకున్నా" అన్నాడు మక్బూల్. అది చెప్పేశాక ధైర్యమొచ్చి, "ఇంకో యాభై తెప్పించు, చానా గిరాకీ ఉంది. ఈసారి ఖాళీవే ఇయ్యి, నీకు పాడే తిప్పలు తప్పుద్ది" అన్నాడు.

పది రోజుల తర్వాత జమాల్ యాభై ఖాళీవి తెచ్చిచ్చాడు. ఒక్కదాని మీద కూడా పేరు రాయలేదు.