గరివిడిలో ఇల్లు కొనబోయి లోపల ఇరుక్కున్నాను

కిందటి ఆదివారం నేను చచ్చిపోవలసింది. నవ్వకండి, నవ్వే ముక్క తరవాత వస్తుంది. ఇలా మీ మధ్య కూచుని టీ తాగుతున్నానంటే తునివైపు నుంచి వచ్చిన ఒకాయన చలవ. ఆ పొద్దున్న ఆయన మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆయన చెయ్యి పట్టుకుని వేలాడుతున్నాను.

మీరు శ్రీకాకుళంలో హాయిగా ఉన్నారు, గరివిడి సంగతి మీకేం తెలుస్తుంది. ఫ్యాక్టరీ వచ్చిన దగ్గర్నించీ అక్కడ తల దాచుకోడానికి చోటు లేదు. ఎక్కడెక్కడివాళ్ళో ఉద్యోగాలకి దిగిపోయారు. నిన్నటిదాకా గేదెల్ని కట్టిన పాక ఇవాళ పోర్షను. కుడితి తొట్టి అవతల పడేసి, నేల అలికి, మధ్యలో తడిక కడితే రెండు పోర్షన్లు. వేరుశనగ పండే మెట్టలో వరసగా గదులు లేపేస్తున్నారు. ఇల్లని పేరే గానీ ఒక్కటే గది. మంచం వేస్తే మనిషి నిలబడ్డానికి ఉండదు. ఆ గదికి వాళ్ళడిగే సొమ్ముతో మా కోటబొమ్మాళిలో రెండెకరాల పల్లం వస్తుంది. అయినా జనం ఎగబడుతున్నారు. ఇవాళ చెప్పిన ధర రేపుండదని అందరికీ భయం. ఆ భయం పట్టుకున్నవాడు బేరం కూడా ఆడడు.

నాకూ పట్టుకుంది. నేను ఆ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమస్తాని. నేనూ మా ఆవిడ పైడీ ఒకావిడ ఇంటి వరండాలో గోనెపట్టా కట్టుకుని కాపురం ఉంటున్నాం. పైడి మా మేనమామ కూతురే, ఇప్పుడు కడుపుతో ఉంది. ఈ మధ్య ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లుగలావిడ గుమ్మంలో నిలబడి ఉంది. "గుమస్తా బాబూ, అమావాస్యకల్లా ఖాళీ సేసీయండి. ఇంకొకలు వస్తామన్నారు, మీకంటే ఎక్కువిస్తామన్నారు," అని మొహం మీదే చెప్పేసింది. ఊరంతా తిరిగాను. ఎక్కడా చోటు లేదు. పైడిని పుట్టింటికి పంపేద్దామంటే, "పురిటికి ఎలాగూ ఎల్తాను బావా. ఇప్పట్నుంచే ఎల్లి కూకుంటే నీకు వండీదెవులు?" అంది. ఆ మాట విన్నాక నాకు మరీ భయమేసింది. వర్షాకాలం, కడుపుతో ఉన్న పిల్లని ఎక్కడ పెడతాను?

శనివారం స్టోర్స్‌లో ఎవరో అన్నారు, గదులు కట్టి అమ్మే అప్పలనాయుడి వరసలో ఆఖరి ఇల్లు మిగిలిందని. ఇంక ఆగలేదు, అప్పుడే నాయుడికి కబురంపాను. మా మావ వడ్లమ్మి పంపిన సొమ్ము బయానాకని నడుముకి కట్టుకుని, ఆదివారం పొద్దున్నే పైడిని వెంటపెట్టుకుని బయల్దేరాను. మూడు రోజుల ముసురు. దారంతా మోకాలెత్తు బురద.

వెళ్ళేసరికి అప్పలనాయుడు గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఇంకొకాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలుసంచీ. కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరట, తునివైపు మనిషి, పేరు రంగారావు. ఆయనా ఇంటికోసమే వచ్చాడు. నడుముకున్న సొమ్ము ఒకసారి తడుముకున్నాను.

"నాయుడుగారూ, నేను నిన్ననే కబురంపాను కదా," అన్నాను.

"నేను మొన్ననే వచ్చి చూసుకెళ్ళానండి," అన్నాడు రంగారావు.

అప్పలనాయుడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మనిషి మొహంలో ఎంత సంతోషమో. "నాకు ఇద్దరూ కావలసినోలే బాబూ. ఒకలికిచ్చి ఇంకొకల్ని ఎలా కాదంతాను? ఎవులు ముందు లోపలికెల్లి తలుపేసుకుంతే ఇల్లు ఆలదే," అని నవ్వాడు.

వేళాకోళానికే అన్నాడు. ఎవరికైనా తెలుస్తుంది. పైడికి తెలిసింది, నవ్వుతోంది కూడా. నాకొక్కడికే తెలీలేదు. పంచె ఎగ్గట్టి పరుగు తీశాను. వెనక రంగారావు చెప్పులు బురదలో చప్పుడు చేస్తుంటే నన్ను అందుకుంటాడేమోనని ఇంకా బెదిరిపోయాను. గుమ్మంలోకి ఒక్క గెంతు గెంతి, తలుపు రెక్కని భుజంతో బలంకొద్దీ నెట్టి మూసేశాను. "ఇల్లు నాదే," అని లోపల్నించి కేకేశాను.

అప్పుడు నా నెత్తిమీద ఏదో మూలిగింది.

లోపల చీకటి. కిటికీ లేదు, నాయుడు తరవాత పెట్టిస్తానన్నాడట. పచ్చిమట్టి వాసన. ముందువైపు గోడ ముట్టుకుంటే అరచేతికి మెత్తగా తగిలింది. మూడు రోజుల వానకి ఆ మట్టిగోడ తాగినంత నీళ్ళు తాగేసింది. నేను నెట్టిన నెట్టుకి ద్వారబంధం ఒక పక్కకి ఒరిగి, పైకమ్మి తలుపు మీద కూచుంది. గడియ పట్టుకు లాగాను. గడియ నా చేతిలోకి వచ్చింది, తలుపు రాలేదు.

"బావా, సాల్లే, బయటికి రా," అంది పైడి.

"రాటం నేదే. బిగుసుకుపోనాది," అన్నాను.

రంగారావు అవతల్నించి తలుపు మీద చెయ్యేసి తోశాడు. నా నెత్తిమీద మట్టిగడ్డలు రాలాయి. "తొయ్యొద్దు బాబూ, తొయ్యొద్దు," అని అరిచాను. ఆయన వెంటనే ఆపేశాడు. అంతలో ద్వారబంధం పైనుంచి గోడలో సన్నగా ఒక వెలుగు గీత కనిపించింది. మీకు నిజం చెప్పాలి, ముందు నాకు సంతోషమేసింది, కాస్త వెలుతురు వస్తోంది కదా అని. ఆ గీత కిందికి పాకడం మొదలెట్టాక అర్థమైంది అది బీట అని. గోడ బయటివైపుకి కడుపుబ్బినట్టు ఉబ్బుతోంది. దాని మీదే వాసాలు ఆనించి ఉన్నాయి. వాసాల మీద పెంకులు. పెంకుల కింద నేను.

వెనకగోడకి అతుక్కుని నిలబడ్డాను, ఊపిరి గట్టిగా తీస్తే ఏమవుతుందో అని మెల్లిగా తీస్తున్నాను.

"నాయుడుగారూ, ఈ వెనకగోడ తవ్వించి నన్ను బయటికి తీయండి," అన్నాను.

అప్పలనాయుడి గొంతు తాపీగా వినిపించింది. "గోడ ముట్టుకోకండి గుమస్తా బాబూ. గోడ పగలగొడితే ఇల్లు కొన్నట్టే. ముందు బేరం తేల్చుకుందాం."

"నాకీ ఇల్లు వద్దు నాయుడుగారూ."

"వద్దంతే ఎలాగ బాబూ? నాదే అని ఇప్పుడే అరిసినారు కదా. అందరూ ఇన్నారు."

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే భయం ఏమిటంటే, పైడి గొంతు మరీ దగ్గర్నించి వినిపిస్తోంది. అది ఆ ఉబ్బుతున్న గోడని ఆనుకున్నట్టే నిలబడింది.

"పైడీ, దూరంగా ఎల్లు. గోడ నీమీద పడతాది," అన్నాను.

"నువ్వు బయటికొస్తే ఎల్తాను. నిన్ను ఒగ్గీసి ఎక్కడికి ఎల్తాను?" అంది. మొండిమనిషి. బతిమాలాను, తిట్టాను, మా మావ మీద ఒట్టు పెట్టాను. కదల్లేదు. నా మీద పెంకులు పడతాయన్న భయం ఎటో పోయింది. ఆ గోడ ఎటు పడుతుందో, పైడి మీదా కడుపులో బిడ్డ మీదా పడుతుందేమోనన్న భయం మిగిలింది. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

అప్పుడు రంగారావు మాట వినిపించింది. "అమ్మా, మీరిక్కడ ఉంటే ఆయన లోపల కుదురుగా ఉండలేరండి. అదిగో, ఆ నూతి దగ్గరికెళ్ళి నిలబడండి. మీ ఆయన్ని తీసుకొచ్చే పూచీ నాది." ఏ మాట పనిచేసిందో తెలీదు గానీ, పైడి అడుగుల చప్పుడు దూరంగా వెళ్ళింది. నేను చేతులు జోడించాను. చీకట్లో ఎవరు చూస్తారు.

కాసేపటికి వెనకవైపు కప్పు మీద పెంకులు కదిలిన చప్పుడు. ఇసక తోలే బండి ఒకటి అక్కడుంటే, దాన్ని వెనకగోడకి చేర్చి ఆయన పైకెక్కాడు. వెనకగోడ ముందే కట్టిందట, కొంచెం ఆరింది.

"అవి కొత్త పెంకులు బాబూ, మెల్లిగా దించండి," అంటున్నాడు కింద నుంచి అప్పలనాయుడు.

ఒక్కో పెంకూ లేచిపోయింది. వాన నీళ్ళు, వాటి వెనక రంగారావు మొహం. పొద్దున్న చూడ్డానికి ఇష్టంలేని మొహం ఎంత బాగుందో చెప్పలేను. "చెయ్యి పైకెత్తండి," అన్నాడు. ఎత్తాను. వాసాలు అందాయి. ఇల్లు అంత పొట్టిది. కాస్త పెద్ద ఇల్లయితే అక్కడే ఉండిపోయేవాణ్ణి.

రెండు వాసాల మధ్య సందులోంచి ఆయన లాగుతుంటే, నేను వెనకగోడ మీద కాలి బొటనవేళ్ళు గుచ్చి పైకి పాకాను. భుజం గీసుకుపోయింది, ఇదిగో ఈ కట్టు దానికే. తల వచ్చింది, నడుము వచ్చింది. పంచె ఏదో మేకుకి తగులుకుంది. "ఆగండి, పంచె," అన్నాను. "వదిలేయండి, పైకి రండి," అన్నాడు. ముందువైపు వాసాలు టకటకమంటున్నాయి. వదిలేశాను. ఇద్దరం బండిలోకి దొర్లిపడి, కిందికి దిగి నాలుగడుగులు వేశామో లేదో, ముందుగోడ బయటికి పడిపోయింది. పెద్ద చప్పుడేం రాలేదు. అలసిపోయిన మనిషి కూలబడ్డట్టు కూలబడింది. దాని వెనకే పెంకులు జారాయి. ఇందాక పైడి నిలబడ్డ చోట మట్టి గుట్టగా పడింది.

నూతి దగ్గర్నించి పైడి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా చొక్కా పట్టుకుని నిలబడింది, ఇంక వదల్లేదు. నేను చొక్కా, నిక్కరు, నడుముకి సొమ్ము మూటతో బురదలో నిలబడ్డాను. రంగారావు భుజం మీది తువ్వాలు తీసి నా నడుముకి చుట్టాడు. "నేనూ పరుగెత్తానండి. చెప్పు బురదలో కూరుకుపోయి ఆగిపోయాను. లేకపోతే లోపల నేనుండేవాణ్ణి. నాకు ఇద్దరు పిల్లలండి," అన్నాడు.

అప్పలనాయుడు ఒక పెంకు ముక్క తీసి తిప్పి చూశాడు. "మరి ఈ గోడ కూలీ ఎవులిస్తారు?" అన్నాడు.

పైడి అప్పుడు తిరిగింది. "ముందు మా బావ పేణానికి ఎంత ఖరీదు కడతావో సెప్పు నాయుడూ. మీ ఊల్లో అన్నిటికీ ధర కడతన్నారు కదా. అది తేలినాక గోడ సంగతి సూద్దాం," అంది. నాయుడు గొడుగు కాస్త కిందికి దించుకుని పక్క ఇంటివైపు వెళ్ళిపోయాడు.

ఇప్పుడెక్కడ ఉంటున్నామంటారా? రంగారావు గారు అద్దెకున్న పోర్షన్‌లోనే. ఆయన పిల్లల్ని దసరాకి గానీ తీసుకురారట. మధ్యలో తడిక కట్టించి సగం మాకిచ్చారు. పైడి ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తోంది, ముగ్గురికీ కలిపి వండుతోంది.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. బుధవారం స్టోర్స్‌లో తెలిసింది. అప్పలనాయుడు ఆ ముందుగోడ మళ్ళీ లేపి, మధ్యలో బెత్తెడు కన్నం వదిలి దానికి రెండు ఊచలు బిగించాడట. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లని ముందు చెప్పిన దానికంటే ఇంకా ఎక్కువ చెప్పాడట. గోడ ఆరకముందే ఎవరో కొనేసుకున్నారు.

ఇంటికెళ్ళి కంచం ముందు కూచున్నాను. ముద్ద దిగలేదు.

"ఏటి బావా, ఒంట్లో బాగునేదా?" అంది పైడి.

"ఆ ఇల్లు అమ్ముడైపోనాదటే," అన్నాను. "న్యాయానికి ముందు దూరింది నేను కదా."