గేటు దగ్గర పెట్టిన అన్నం

మొన్న మా మనవరాలు బడిలో ఇచ్చిన పని అని చైనా దేశపు పండగలన్నీ ఒక అట్ట మీద రాసుకుంటూ నా మంచం పక్కనే కూర్చుంది. వాళ్ల కొత్త సంవత్సరమంట, దీపాల పండగంట, సమాధులు శుభ్రం చేసుకునే రోజంట, పడవల పందేలంట, చంద్రుడి పేరు చెప్పి తీపి రొట్టెలు తినే పున్నమంట. దేనికెన్ని రోజులు సెలవో పక్కన ఎర్ర సిరాతో వేస్తోంది. అట్ట దండగ చేయకుండా అక్షరాలు చిన్నవి రాయమని నేను కసురుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి తలెత్తి, "జేజీ, ఏడో నెల పున్నానికి సచ్చిపోయినోళ్లు ఆకలితో వస్తారంట, వాకిట్లో అన్నం పెడతారంట. పాపం, దానికి సెలవు గూడా లేదంట సూడు!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ పండగను నేను కళ్లారా చూశాను. చూసి చెడగొట్టాను. ఇన్నేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఆ రోజుల్లో గల్ఫ్‌లో కష్టపడిన నా ఈడు ఆడవాళ్లకైనా చెప్పుకుందామనిపించింది.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన ఏడు నేను అక్కడి రుమైథియా పేటలో ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. మా మామా, అంటే ఇంటి యజమానురాలు, పిల్లల్ని కారులో వేసుకుని సౌదీ వైపు వెళ్లిపోతూ తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది. ఇంట్లో ముగ్గురం మిగిలాం: నేను, పక్కింటి పని పోయి మా దగ్గరికి వచ్చి చేరిన గోదావరి పిల్ల, మామా కుట్టు దుకాణంలో పూసల పని చేసే చైనా ఆమె. ఆమె తోటివాళ్లు ముందే బస్సుల్లో వెళ్లిపోతే, పాస్‌పోర్టు చేతిలో లేక ఆమె ఒక్కతే ఆగిపోయింది. ఆమెకూ నాకూ నడుమ ఉన్నవి ఓ ఇరవై అరబ్బీ మాటలు. బియ్యం గది తాళం నా నడుముకు ఉండేది. ఎన్నాళ్లు అక్కడ పడి ఉండాలో తెలియదు కాబట్టి మనిషికి పూటకొక టీ గ్లాసు బియ్యం, అంతకు ఒక్క గింజ ఎక్కువ పోసేదాన్ని కాదు.

సైన్యం వచ్చి నెల దాటాక ఒకరోజు మధ్యాహ్నం చైనా ఆమె తన వాటా అన్నం ముట్టకుండా మూత పెట్టుకుంది. సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే పొగ వాసన వచ్చి నేను బయటికి పరుగెత్తాను. గేటు లోపలి పక్కన నేల మీద గిన్నెడు అన్నం, అందులో నిలువుగా గుచ్చిన రెండు పుల్లలు, పక్కన కాగితం ముక్కలు కాలుస్తూ ఆమె. వీధి మలుపులో సైనికుల కాపలా ఉంది, పొగ చూస్తే లోపలికి వస్తారు. నేను అరిస్తే ఆమె గిన్నె చూపించి, "రుజ్… మౌత్… మౌత్" అంది. రుజ్ అంటే అన్నం. మౌత్ అంటే చావు, అది మా ఇళ్లలోనూ ఉన్న మాటే.

"ఎవురికే మౌత్? నేను కొలిచి పోస్తాంటే తిని, మాకే పిండం పెడతాండావా?" అని మంట మీద నీళ్లు కుమ్మరించి, పుల్లలు పీకి పారేసి, ఆ అన్నం కడిగి రాత్రి వంటలో కలిపేశాను. నేనూ గోదావరి పిల్లా తిన్నాం, ఆమె తినలేదు. గింజ కూడా నేలపాలు కాలేదని లోలోపల సంతోషించాను.

తెల్లవారి గోదావరి పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది. "ఆవిడ నాకు ఫోటో చూపించి సైగలతో చెప్పిందండి అక్కా. కూతురంట, ఆరేళ్లంట. ఈవిడ ఇక్కడుండగానే అక్కడ పోయిందంట. నిన్న ఆ పిల్లకి పెట్టుకుందండి. మీరేమో దాని నోటికాడ కూడు లాగి నాకు పెట్టేశారు!"

మాది రాయచోటి పక్క దూదేకుల ఇల్లు. షబే బరాత్‌ను మేము పెద్దల పండగ అంటాం. పోయినవాళ్ల పేరు చెప్పి ఫాతెహా చదివించి, వాళ్లకిష్టమైనవి వండి ముందు పెడతాం. ఏటా ఆ పని చేసే చేతులతోనే నేను, ఆరేళ్లకే పెద్దల్లో కలిసిపోయిన బిడ్డ అన్నం ఎత్తేశాను. తాళం నా దగ్గరే ఉంది, ఇంకో గ్లాసు బియ్యం వండి ఇవ్వడానికి అడ్డేమీ లేదు. మొహం చెల్లక ఇవ్వలేదు.

మూడు రోజులకు ఆమెకు పాస్‌పోర్టుకు బదులు కాగితం వచ్చింది. బస్సు దగ్గర నేనే ఒక మూటలో అన్నమూ రొట్టెలూ కట్టి ఇచ్చాను. బస్సు కదలబోతుంటే ధైర్యం చేసి, మా ఇంటి గేటున్న దిక్కుకు చెయ్యి చూపించి, "రుజ్… మాఫీ, మాఫీ" అన్నాను. మన మాటలో మాఫీ అంటే క్షమించమని. అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. నెలంతా ఆమె ఇంకో గరిటె అడిగినప్పుడల్లా నేను అన్న మాట అదే. ఆమె నా మొహంలోకి చూసి, మూట తీసి నా చేతిలో తిరిగి పెట్టేసి బస్సెక్కింది. వెనక జనం తోస్తున్నారు. నేను ఆ మూట పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

ఇప్పుడు ఫోనులో ఒక భాషలో చెబితే ఇంకో భాషలో పలుకుతుంది, ఎవరి పండగ ఏమిటో పదేళ్ల పిల్లకు కూడా తెలుస్తుంది. ఈసారి పెద్దల పండగకు ఆ బిడ్డకు గిన్నెడు అన్నం పెట్టాలని ఉంది. ఫాతెహా చదివే మా హజరత్ ఒప్పుకుంటాడో లేదో, ఒప్పుకున్నా ఫాతెహాకు పేరు చెప్పాలి కదా. బిడ్డ పేరే కాదు, నెల రోజులు ఒకే కప్పు కింద ఉన్న తల్లి పేరు కూడా నాకు తెలియదు. పేరేమిటని అడగడానికి కావలసిన అరబ్బీ మాట నాకు అప్పటికే వచ్చు.