గిలక్కాయల మామ, నా కుళ్లు

మామ పోయాడన్న కబురు నాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి మా ఆవిడ వాకిట్లో నిలబడి చెప్పినప్పుడు కట్టె చెక్కే తరిమెన తిరుగుతోంది, ఆ మోతలో వినపడలేదు. మోటారు ఆపి, మొహం మీది చెక్కపొట్టు తుడుచుకుని ఏమన్నావని అడిగాను. "మామ పోయినాడంట. పొద్దున్నే కాపీ తాగి, కూచున్నోడు కూచున్నట్లే పోయినాడంట" అంది. ఎమ్మిగనూరులో మా వీధి చివరి ఇల్లే ఆయనది. చెప్పులు వేసుకుంటూ నేను అనుకున్న మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? ఈ క్రిస్మస్‌కు ఆదోని చర్చి అంగళ్లలో గేటు పక్క చోటు ఖాళీ అవుతుందని. ఆ మాట దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి ముక్కలు రాస్తే అవి అబద్ధాలవుతాయి. అందుకని ముందే చెప్పేస్తున్నాను. నాకు మామంటే కుళ్లు.

మామ అంటే మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. వీధిలో పెద్దవాళ్లందరూ మనకు ఏదో ఒక వరస అవుతారు కదా, ఆయన మామ అయ్యాడు. ఆయనా మా నాయనా ఒకే పని చేసేవాళ్లు. తరిమెనకు కట్టె బిగించి, అది గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆన్చి, మగ్గాలకు కండెలు చేసేవాళ్లు. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కూర్చుని నూలు విప్పుతూ పోయే చిన్న కట్టె గొట్టం. ఈ ఊళ్లో మగ్గాలు ఆడినన్నాళ్లు రెండిళ్లకూ పనికి కొదవ లేదు. ప్లాస్టిక్ కండెలు దిగాక రెండు తరిమెనలూ ఒక్కసారే ఆగిపోయాయి. మా నాయన పోయాక నేను మంచం కోళ్లూ మెట్ల కడ్డీలూ చేసుకుంటూ నెట్టుకొచ్చాను. మామ మాత్రం క్రిస్మస్ వైపు తిరిగాడు.

ఆదోనిలో మేం పోయే చర్చి ఆవరణలో క్రిస్మస్‌కు ముందు మూడు రోజులు అంగళ్లు పెడతారు. కేకులు, కజ్జికాయలు, కాగితం నక్షత్రాలు, బొంతలు, అన్నీ ఇళ్లల్లో చేసినవే. మామ అక్కడ గేటు పక్కన పాత దుప్పటి పరిచి కట్టె సామాను పెట్టేవాడు. చిన్న గంటలు, పశువుల తొట్టిలో బాలయేసు, కొవ్వొత్తి స్టాండ్లు. అన్నింటికంటే ముందు అయిపోయేవి మాత్రం గిలక్కాయలు.

ఆ గిలక్కాయ గురించి కొంచెం చెప్పాలి. జామ కట్టెతో చేసేవాడు. సన్నటి పిడి, దానికి అటొక బుడిపె, ఇటొక బుడిపె, మధ్యలో వదులుగా ఆడే మూడు కడియాలు. కడియాలు బుడిపెల కన్నా చిన్నవి, కాబట్టి తొడిగే దారి లేదు. అతుకు లేదు, జిగురు లేదు, అంతా ఒకటే ముక్క. చేతిలోకి తీసుకున్నవాళ్లు తిప్పి తిప్పి చూసి, "యాడ నుంచి దూర్చినావప్పా వీటిని?" అని అడిగేవాళ్లు. "దూర్చల్యా. లోపలే ఉండె. రమ్మంటి, వచ్చె" అనేవాడు మామ.

అమ్మే ముందు ప్రతి గిలక్కాయనూ కడిగి, తుడిచి, నోట్లో పెట్టుకుని ఒక్కసారి చప్పరించేవాడు. ఎక్కడైనా గరుకు తగిలితే నాలుకకు తెలుస్తుందట. తర్వాత మళ్లీ కడిగి దుప్పటి మీద పెట్టేవాడు. చూసినవాళ్లు నవ్వితే, "పసిపిల్లోళ్లు నోట్లో పెట్టుకునే సామాను. నేను పెట్టుకోకుండా ఎట్ల అమ్మేది?" అనేవాడు. కట్టె కొనేటప్పుడు కూడా అంతే, దాన్ని చెంపకు ఆన్చి చూసేవాడు. చల్లగా తగిలితే ఇంకా పచ్చి ఆరలేదని వదిలేసేవాడు. ఒకసారి దసరా రాత్రి దేవరగట్టులో జరిగే కర్రల సమరానికి తరిమెన మీద నున్నటి కర్ర చేసిమ్మని ఎవరో వస్తే, "తలకాయ పగిలేదానికి నున్నగా ఎందుకప్పా? యాడన్నా చెట్టు నుంచి కొట్టుకో పో" అని పంపేశాడు. తొందర పడేవాళ్లను చూస్తే ఆయనకు నవ్వొచ్చేది. "తొందరున్నోడు బస్టాండులో నిలబడల్ల, తరిమెన కాడ కాదు" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఎందుకంటే నాది కొత్త తరిమెన, కొత్త మోటారు. ఆయనది పాత కుట్టు మిషను మోటారు బిగించుకున్న డొక్కు. నా చెయ్యి కుర్రచెయ్యి, ఆయనది వణికే చెయ్యి. అయినా జనం ఆయన దుప్పటి చుట్టూనే మూగేవాళ్లు. పక్కన నిలబడి చూస్తూ నేను కళ్లల్లో నిప్పులు పోసుకునేవాణ్ని. చివరికి ఒక ఏడాది నేనూ అంగడి పెడతానని తీర్మానించుకున్నాను. నెల రోజులు కూర్చుని కొవ్వొత్తి స్టాండ్లు చేశాను. ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేదు. మామ స్టాండ్లు ఏ రెండూ ఒక్కలాగుండవు, ఇప్పుడు తెలుస్తుంది ఎవరి పనితనం ఏమిటో అనుకుంటూ బస్సెక్కాను.

ఆదోనిలో గుడ్డ పరిచి, స్టాండ్లు వరసగా పేర్చి, మొదటిదానిలో కొవ్వొత్తి పెట్టాను. అది కిందికి జారి స్టాండు అడుగున నిలబడింది. పైకెత్తితే స్టాండు నా చేతిలో ఉంది, కొవ్వొత్తి గుడ్డ మీద ఉంది. రెండోదీ అంతే. అన్నీ అంతే. చిన్నప్పటి నుంచి కండెలకు బెజ్జం వేసిన చెయ్యి నాది. కండెకు ఆ చివర నుంచి ఈ చివర దాకా బెజ్జం ఉండాలి, లేకపోతే నాడెలో కూర్చోదు. నా చెయ్యి స్టాండును కూడా కండె అనుకుంది. నెల రోజులు ఆ పని చేస్తూ నేను ఒక్కదానిలో కూడా కొవ్వొత్తి పెట్టి చూడలేదు.

నేను గుడ్డ మూట కట్టేస్తుంటే మామ వచ్చాడు. స్టాండు ఎత్తి, ఆ బెజ్జంలోంచి ఆకాశాన్ని చూశాడు. తన దుప్పటి భార్యకు, అంటే నేను అత్తా అని పిలిచే ఆమెకు అప్పజెప్పి, సంచిలోంచి పుల్లలూ కత్తీ తెచ్చుకుని నా పక్కన చతికిలబడ్డాడు. ఒక్కొక్క బెజ్జానికీ కొలిచి ఒక్కొక్క బిరడా చెక్కి, అడుగున కొట్టి, అంచు నున్నగా కోసి, నా వైపు జరిపేవాడు. దారిన పోయేవాళ్లు ఏందప్పా చేస్తాండావని అడిగితే, "మా అల్లుడిది కండెలు చేసే చెయ్యి. ఆగమన్నా ఆగదు" అనేవాడు. వాళ్లలో సగం మంది నేత ఇళ్లవాళ్లు, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్విన వాళ్లే తలా ఒకటి కొన్నారు కూడా. మధ్యాహ్నానికి నా గుడ్డ ఖాళీ అయింది. ఆయన పొద్దుటి నుంచి నా దగ్గరే కూర్చున్నా అక్కడ ఆయన గిలక్కాయలు ఒక్కటీ మిగల్లేదు.

కృతజ్ఞత కలగాలి కదా. కలగలేదు. బస్సులో తిరిగొస్తూ, మంచితనంలో కూడా ఈ మనిషి నన్ను గెలిచాడే అని కుమిలిపోయాను.

మరుసటేడు మా మరదల్ని పంపించి, నా కోసమని చెప్పకుండా ఒక గిలక్కాయ కొనిపించాను. తలుపేసుకుని రంపంతో నిలువునా కోశాను. లోపల అతుకు ఉంటుందనీ, మామ గుట్టు రట్టు చేస్తాననీ నా ఆశ. అతుకు లేదు. జామ కట్టె, దాని గీతలు, అంతే. కోసిన ముక్కలు పొయ్యిలో పెట్టాను.

మా మరదలు చెప్పిందో, ఆయనే పసిగట్టాడో నాకు తెలియదు. నాలుగు రోజుల తర్వాత మామ మా ఇంటికి వచ్చి, తరిమెన పక్కన ఒక కట్టె ముక్క పెట్టాడు. సగం చేసిన గిలక్కాయ అది. మూడు కడియాల్లో ఒకటి విడిపోయి ఆడుతోంది. రెండోదానికి ఒక వైపే కింద కోత పడింది. మూడోది ఇంకా పిడిలో భాగంగానే ఉబ్బెత్తుగా ఉంది. "ఇది చెడిపోయిందప్పా. పొయ్యిలోకన్నా పనికొస్తాదేమో చూడు" అని, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అది చెడిపోలేదు. కుళ్లుబోతు కళ్లకు కూడా ఆ మాత్రం తెలుస్తుంది. అడగడానికి నాకు నోరు రాదని ఆయనకు తెలుసు. అడగకుండానే మూడు మెట్లూ ఒకే ముక్క మీద రాసి నా ముందు పెట్టి పోయాడు. ఉలి కొన ఎటు వంచుకోవాలో, ఎటు నుంచి దూరి కడియాన్ని విడిపించాలో ఆ ముక్కే నాకు చెప్పింది. చలికాలమంతా పాడుచేసి పాడుచేసి, ఉగాది దాటాక ఒక రోజు మూడో కడియం నా తరిమెన మీద విడిపోయి గలగలమంది. నేను ఒక్కణ్నే ఉన్నాను, గట్టిగా నవ్వాను. వీధి చివరికి పరిగెత్తి ఆయనకు చూపించాల్సింది. పోలేదు.

తర్వాత క్రిస్మస్‌కు నా గుడ్డ మీద కూడా గిలక్కాయలు ఉన్నాయి. ఆలూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ నా గిలక్కాయ ఒక చేతిలో, మామ గిలక్కాయ ఒక చేతిలో పట్టుకుని, "నువ్వు ఈయప్ప కాడే నేర్చుకుంటివా?" అని అడిగింది. మామ రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. నేను ఆయన వైపు చూడకుండా, "ల్యాదమ్మా. మా నాయన కాడ నేర్చుకున్యా" అన్నాను. మా నాయన బతికినన్నాళ్లూ కండెలు తప్ప ఇంకొకటి చేసి ఎరగడు. ఆ సంగతి నాకు తెలుసు, మామకు తెలుసు, పక్కనే కూర్చున్న అత్తకూ తెలుసు. మామ నోట్లో ఉన్న గిలక్కాయ తీసి, "వాళ్ల నాయనది గొప్ప చెయ్యమ్మా" అన్నాడు. మళ్లీ తన పనిలో పడ్డాడు.

ఆ రోజు ఆయన నన్ను నలుగురిలో తిట్టి ఉంటే మా ఇద్దరికీ చెల్లుకు చెల్లు అయిపోయేది. తిట్టలేదు. నా అబద్ధానికి తన భుజం ఆసరా ఇచ్చాడు. అప్పటి నుంచి నేను వీధి ఆ చివరికి పోవడం తగ్గించాను. దసరాకు ఆయనకు ఒంట్లో బాగలేదని విని కూడా రేపు పోదాం, ఎల్లుండి పోదాం అని జరిపాను. ఒక మాట చెప్పాల్సి ఉంది, అది చెప్పడానికి ఆయన బతికుండగా నాకు మనసు రాలేదు. ఇంతకుమించి దాని గురించి రాయలేను.

సమాధి కార్యక్రమం అయిన వారానికి అత్త ఒక గోనెసంచి తెచ్చి మా వాకిట్లో దించింది. నిండా మామ చేసి పెట్టిన సామాను. "నేనొక్కదాన్ని యాడ కూచుని అమ్మేదప్పా. నీవాటి పక్కన పెట్టుకో. నేనూ వస్తా, ఊరికే కూచుంటా" అంది. కాదనే మొహం నాకెక్కడిది?

అట్లా ఈ క్రిస్మస్‌కు గేటు పక్కన నేనే కూర్చున్నాను. ఒకటే దుప్పటి, సగం ఆయనవి, సగం నావి. ఏది ఎవరిదో చెప్పకుండా ఉంటే సరిపోయేది గానీ, వచ్చినవాళ్లు ముందే అడిగేవాళ్లు. "పెద్దాయన పోయినాడంట గదా, పాపం. ఆయన చేసినవి ఉండాయా?" ఉన్నాయని చూపించేవాణ్ని. వాళ్లు నావి దాటుకుని చెయ్యి చాపేవాళ్లు. చచ్చిపోయిన మనిషి సరుకును మూడు రోజులు పొగిడి పొగిడి అమ్మాను. లోపల మంట మండుతూనే ఉంది. అత్త వెనక ముక్కాలిపీట మీద కూర్చుని అన్నీ చూస్తోంది. మూడో రోజు సాయంత్రానికి ఆయనవి అయిపోయాయి, నావి మిగిలాయి.

అప్పుడు చంకలో బిడ్డతో ఒకామె వచ్చి, నా గిలక్కాయ ఎత్తి ఆడించింది. బుడిపె చుట్టూ వేలితో తడిమి, "ఇది పెద్దాయనదేనా?" అంది.

అవునంటే అమ్ముడుపోతుంది. కాదంటే నా పేరు నిలబడుతుంది. రెండు మాటలూ నాలుక మీదికి వచ్చాయి. వెనక అత్త పీట కిర్రుమంది.

"చేసింది నేనమ్మా" అన్నాను. "నేర్పిచ్చింది ఆయప్ప. ఆయప్ప కాడే నేర్చుకున్యాను."

గొంతు ఎక్కువ పెంచి చెప్పినట్టున్నాను, పక్క అంగడి వాళ్లు కూడా తిరిగి చూశారు. వెనక అత్త వైపు తిరిగే ధైర్యం లేకపోయింది. ఆమె చీర కొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడు మాత్రం వినపడింది. బిడ్డ తల్లి నా మాట పూర్తిగా విందో లేదో, గిలక్కాయ తీసుకుని జనంలోకి నడిచింది. నాలుగడుగులు వేసి, అవతల నిలబడ్డ మొగుడికి వినపడేలా కేకేసింది. "దొరికింది! పెద్దాయన గిలక్కాయ దొరికింది!"

ఆ క్షణంలో లేచి, ఆమెను ఆపి, అది నాదమ్మా అని అరవాలనిపించింది. చెయ్యి సగం దాకా లేచింది కూడా. మామ పోయినా నా కుళ్లు పోలేదని అప్పుడు అర్థమైంది. చెయ్యి దించుకున్నాను. బిడ్డ మాత్రం, తల్లి భుజం మీద నుంచి నా వైపే చూస్తూ, గిలక్కాయ కొన నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది, కనపడినంత దూరం.