సార్ పూడ్చిన గుంతలు

మా హైస్కూలు ఫుట్‌బాల్ సార్ చనిపోయారన్న కబురు నాకు పనిలా వచ్చింది. నేను నాందేడ్‌లో ఒక టెంట్‌హౌస్‌లో కూలీని. "రేపు స్కూల్ గ్రౌండ్ల శ్రద్ధాంజలి సభ. సామాన్ ఎక్కించు" అన్నాడు సేట్. ఎవరు పోయారని అడిగితే, "ఎవరో ఫుట్‌బాల్ మాస్టర్ అంట."

ఆ ఎవరో మాస్టరు ముప్పై ఏళ్లు ఆ గ్రౌండ్‌లోనే నిలబడ్డారు. కప్పులు పెద్దగా గెలవలేదు. ఊరంతా క్రికెట్ వెంటపడితే, ఆయన ఒక పాత బంతి, ఒక విజిల్, ఒక డబ్బా మట్టితో వచ్చేవారు. బడివాళ్లు గ్రౌండ్‌ను పెళ్లిళ్లకూ నాయకుల సభలకూ ఇచ్చేవారు. మండపం పీకాక మేకుల గుంతలు మిగిలేవి. అలాంటి గుంతలో కాలు పడే నా చీలమండ విరిగింది. "తప్పు నాదిరా, నేనే చూడలే" అని ఆసుపత్రి దాకా అంటూనే ఉన్నారు సార్.

అప్పటినుంచి ఆటకు ముందు మా చెప్పులు విప్పించి, వరసగా నిలబెట్టి, గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేవారు. గుంత తగిలినవాడు ఆగి, మట్టి పోసి, మడమతో తొక్కాలి. సగం ఆట దానికే పోయేది. నాకు ఒళ్లు మండేది.

"సార్, మేం ఆడనీకి అచ్చినమా, పొలం చదును చేయనీకి అచ్చినమా?"

"ముందుగాల నడువు బేటా. గుంత కంటికి కనపడదు, కాలికే కనపడుతది."

"మనకు గోల్ గూడ ఎన్నడు కనపడ్తలేదు సార్!"

నవ్వారు. అయినా నడిపించారు. గ్రౌండ్ ఇవ్వొద్దని మాత్రం హెడ్‌మాస్టర్ ముందు ఒక్కనాడూ గొంతెత్తలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

సభ రోజు సేట్ స్టేజీని సరిగ్గా గోల్ ముందే వేయమన్నాడు.

"సేట్, ఆడ మేకులు కొట్టద్దు."

"ఎవడన్నడు?"

"గా దండేసిన ఫోటోల ఉన్నాయన."

"ఆయనచ్చి ఆపుతడా? కొట్టు. లేకుంటె ఇంటికి పో."

కొట్టాను. అబద్ధమెందుకు, సమ్మెట నా చేతిలోనే ఉంది. ఆ మండపం కింద కుర్చీల్లో కూర్చున్న పెద్దలు ఒక్కొక్కరే లేచి, "ఈ మైదానమే సార్ ప్రాణం" అని మైకులో చెప్పారు. ఒక్కరూ కిందికి చూడలేదు.

సభ అయ్యాక మేకులు పీకి, గోడ పక్క నుంచి మట్టి తెచ్చి పూడ్చడం మొదలుపెట్టాను. సేట్ లారీలోంచి హారన్ కొడుతూనే ఉన్నాడు. నాతో ఆడినవాడొకడు, ఇప్పుడు ఆటో నడుపుతాడు, వచ్చి చెప్పులు విప్పాడు. మా జట్టువాడే, ఇప్పుడు బ్యాంకులో పనిచేసేవాడు, బూట్లు విప్పాడు. ఇంకా ముగ్గురొచ్చారు. ఆరుగురం వరసకట్టాం.

"కాయ్ హరవలం రే?" అని హెడ్‌మాస్టర్ దూరం నుంచి మరాఠీలో కేకేశాడు, ఏం పోగొట్టుకున్నారని.

మేం నడక మొదలుపెట్టాం. నాలుగడుగులు వేశాక బ్యాంకువాడు ఆగాడు. ఇస్త్రీ ప్యాంటు పైకి మడిచి, పిడికెడు మట్టి పోసి, మడమతో తొక్కసాగాడు. మేం వాడి కోసం వరస చెదరకుండా నిలబడ్డాం.